కాలకేయుల యుద్ధంలో దేవసేన

‘బాహుబలి: ది గేమ్’లో మాహిష్మతి మీదికి కాలకేయులు వస్తారు. ఫోను పట్టుకున్నవాడే సేనాపతి. అతని పక్షాన నిలిచే వీరుల్లో బాహుబలి, కట్టప్ప, భల్లాలదేవుడు, దేవసేన ఉంటారు. సినిమా ఒక్కసారి చూసినవారికైనా ఈ నలుగురిలో ఒకరు అక్కడ ఉండకూడదని తెలుస్తుంది. కాలకేయులతో యుద్ధం జరిగేనాటికి దేవసేన మాహిష్మతి గడప తొక్కలేదు. ఆమె అనే మనిషి ఒకరున్నారని బాహుబలికీ తెలియదు, భల్లాలుడికీ తెలియదు.

సినిమాలో వరుస చాలా గట్టిగా అల్లి ఉంటుంది. అన్నదమ్ములిద్దరిలో రాజ్యం ఎవరిదో తేలని సమయంలో కాలకేయులు దండెత్తుతారు. వాళ్ల నాయకుణ్ని చంపినవాడే రాజని రాజమాత శివగామి ప్రకటిస్తుంది. చంపింది భల్లాలుడు. కానీ శత్రువు అడ్డం పెట్టుకున్న సొంత జనాన్ని కాపాడినవాడు బాహుబలి, అంటే అమరేంద్రుడు, కనుక శివగామి తీర్పు అతని వైపు మొగ్గుతుంది. పట్టాభిషేకానికి ముందు రాజ్యం చూసి రమ్మని కట్టప్పను తోడిచ్చి పంపుతుంది. ఆ దేశాటనలో కుంతల రాజ్యంలో దేవసేన కనిపిస్తుంది. ఇక్కడ మాహిష్మతిలో భల్లాలుడు ఆమె చిత్తరువు చూసి, తనకు కావాలని తల్లి దగ్గర మాట పుచ్చుకుంటాడు. ఆ మాట దగ్గరే ఇల్లు రెండుగా చీలుతుంది. అమరేంద్రుడికి సింహాసనం పోతుంది, తర్వాత ప్రాణమూ పోతుంది.

అంటే దేవసేన రాక కాలకేయుల యుద్ధానికి ఫలితం. ఆమెను తెచ్చి ఆ యుద్ధంలోనే నిలబెడితే చిత్తరువు చూసే సన్నివేశానికి పని ఉండదు. పక్కన నిలబడి కత్తి తిప్పిన మనిషిని బొమ్మలో చూసి కొత్తగా మోజుపడేవాడు ఎవడు? ఆటలో చోటు మారింది ఒక్క పాత్రే అయినా, దానితో సినిమా రెండో భాగం మొత్తానికి కాళ్లు విరిగాయి.

ఒకటో సీమ్ చివరిది

కల్పిత లోకాల్లో కాలం తప్పడం గురించి మాట్లాడేటప్పుడు రెండు వరుసలను విడిగా చూడాలి. సంగతులు జరిగిన వరుస ఒకటి, చెప్పిన వరుస మరొకటి. ఈ రెండూ వేరుగా ఉన్నంత మాత్రాన తప్పు కాదు. బొగ్గుబాయి ఊరు గోదావరిఖనిలోని మనిషికి ఇది విడమరిచి చెప్పనక్కర్లేదు. రామగుండం ప్రాంతంలో బొగ్గు పొరలకు పైనుంచి కిందికి అంకెలు వేశారు. ఒకటో సీమ్ పైన, నాలుగో సీమ్ కింద. తవ్వేవాడికి ముందు తగిలేది ఒకటోది. భూమి లెక్కలో ముందు పుట్టింది మాత్రం నాలుగోది. పాతిక కోట్ల ఏళ్లు దాటిన ఆ అడవులు, బురద, ఇసుక ఒకదాని మీద ఒకటి పేరుకుంటూ పోగా అన్నిటికన్నా చివర పడిన బొగ్గుకు మనం ‘ఒకటి’ అని పేరు పెట్టాం. ఓసీపీ (ఓపెన్‌కాస్ట్ గని) అంచున నిలబడి ఎదుటి గోడను చూస్తే పైన మట్టి, దాని కింద మెట్లు మెట్లుగా ఇసుకరాయి, ఆ కింద నల్లని పట్టీ కనిపిస్తాయి. చూపు పైనుంచి కిందికి దిగుతుంటే కాలం వెనక్కి నడుస్తుంటుంది.

2015 జులై 10న విడుదలైన ‘బాహుబలి: ది బిగినింగ్’ సరిగ్గా ఇలాగే తవ్వుకుంటూ వెళ్లిన సినిమా. పేరులో ఆరంభం ఉంది గానీ, తెర మీద మొదట కనిపించేది పసిబిడ్డను నీళ్ల పైకెత్తి పట్టుకుని ప్రాణం వదిలే శివగామి. కథ వరుసలో అది అమరేంద్రుడి హత్య తర్వాతి సంగతి. ఆ బిడ్డ, అమరేంద్రుడి కొడుకు మహేంద్రుడు, పెరిగి పాతికేళ్లవాడై మాహిష్మతి చేరాక గానీ కట్టప్ప నోట పాత పొర బయటపడదు. 2017 ఏప్రిల్ 28న వచ్చిన రెండో భాగమూ ముందు ఇంకా లోతుకు దిగి, ఆ తర్వాతే పైకి వస్తుంది. తవ్విన వరుస ఎలా ఉన్నా పొరల వరుస చెదరలేదు.

గనిలో అప్పుడప్పుడు నడుస్తున్న సీమ్ ఉన్నట్టుండి తెగిపోతుంది. ఎదురుగా రాయి తగులుతుంది. తెగిన పొర మళ్లీ కొన్ని మీటర్ల పైనో కిందో దొరుకుతుంది. దాన్ని ఫాల్టు అంటారు. ఆటలో దేవసేన నిలబడిన చోటు అలాంటి ఫాల్టే. పై పొర ముక్క కింది పొరలోకి జారింది.

ఆటకు నిన్న, రేపు లేవు

ఆ ఫాల్టు అజాగ్రత్త వల్ల పడలేదు. ‘బాహుబలి: ది గేమ్’ను బెంగళూరుకు చెందిన మూన్‌ఫ్రాగ్ ల్యాబ్స్ తయారుచేసింది. అది 2017 ఏప్రిల్‌లో, రెండో భాగం విడుదలవుతున్న రోజుల్లోనే జనం చేతికి వచ్చింది. మొదటి భాగంలో దేవసేన అంటే సంకెళ్లలో పుల్లలు ఏరుకునే ముసలి ఖైదీ. రెండో భాగంలో ఆమె విల్లు పట్టిన యువరాణి, పోస్టరు మీది బొమ్మ. పోస్టరు మీద ఉన్న మనిషి ఆటలో లేకపోతే కొత్త సినిమా ఆట అని ఎవరూ అనుకోరు. ఇక శత్రువు సంగతి. మొదటి భాగంలో జనం కళ్లలో ముద్ర పడిపోయిన శత్రువు కాలకేయుడే. కాబట్టి వీరులను రెండో భాగం నుంచి, శత్రువును మొదటి భాగం నుంచి తెచ్చి ఒకే మైదానంలో దింపారు. వ్యాపారానికి ఇది సరైన లెక్కే.

దీనికన్నా లోతైన కారణం ఆటల స్వభావంలో ఉంది. కోట కట్టి, సైన్యాన్ని పెంచి, దాడి చేసే ఈ కోవ ఆటలకు ముగింపు ఉండదు. కాలకేయులు ఇవాళ ఓడినా రేపు మళ్లీ రావాలి. సినిమాలో ఒక్కసారి జరిగి సింహాసనాన్ని నిర్ణయించిన యుద్ధం ఇక్కడ రోజువారీ పని అవుతుంది. వీరుడు చచ్చిపోతే ఆడేవాడి కష్టం వృథా, కాబట్టి ఎవరూ చావరు. 2015 జులై నుంచి 2017 ఏప్రిల్ దాకా దేశమంతా అడిగిన ప్రశ్న ఒక్కటే: కట్టప్ప బాహుబలిని ఎందుకు చంపాడు? థియేటర్లలో జవాబు దొరికిన ఆ నెలలోనే ఫోనులో చంపినవాడూ చచ్చినవాడూ చంపించినవాడూ ఒకే సైన్యంలో భుజం భుజం కలిపి నిలబడ్డారు.

ఇలాంటి ఆటల్లో కాలం లేదనడం కూడా పూర్తిగా నిజం కాదు. ఉన్న కాలం గోడ గడియారానిది. గోడ లేవడానికి కొన్ని నిమిషాలు, బురుజు పెరగడానికి కొన్ని గంటలు అంటూ ఆట ఆగమంటుంది. మొదటి షిఫ్టుకు పోయేముందు బురుజు పని మొదలుపెట్టి, సెల్‌ఫోన్ గనిలోకి పోదు కనుక బయటే వదిలి దిగినవాడు షిఫ్టు దిగి వచ్చేసరికి పని పూర్తయి ఉంటుంది. మాహిష్మతిలో రాజులు మారరు, తరాలు దొర్లవు. గోదావరిఖనిలో మాత్రం ఒక షిఫ్టు గడుస్తుంది.

కట్టప్ప వయసెంత?

ఆటను ఒక్కదాన్నే దోషిగా నిలబెట్టడం అన్యాయం. ఒక లోకానికి పేరు రాగానే దాని చుట్టూ నవలలు, బొమ్మల సిరీస్‌లు, కామిక్కులు పుట్టుకొస్తాయి. ప్రతిదీ సినిమాకు ముందు కాలంలో ఖాళీ చోటు వెతుక్కుంటుంది. 2017లోనే ఆనంద్ నీలకంఠన్ రాసిన ‘ది రైజ్ ఆఫ్ శివగామి’ నవల వచ్చింది. అదే ఏడాది ‘బాహుబలి: ది లాస్ట్ లెజెండ్స్’ యానిమేషన్ సిరీస్ మొదలైంది. 2024 మేలో ‘బాహుబలి: క్రౌన్ ఆఫ్ బ్లడ్’ వచ్చింది. ఇందులో అన్నదమ్ములిద్దరూ కలిసి రక్తదేవుడనే దండనాయకుణ్ని ఎదిరిస్తారు. చిక్కేమిటంటే, ఇంత పెద్ద శత్రువు ఒకడు వచ్చిపోయిన జాడ సినిమాలో ఎక్కడా లేదు. ఎవరూ అతని పేరెత్తరు. వెనక చెప్పిన కథను ముందు కాలంలోకి చొప్పించిన ప్రతిసారీ పాత పాత్రలకు ఇలా మతిమరుపు వస్తుంది.

నవలతో వచ్చే పేచీ తేదీల్లో కంటే మనసుల్లో ఎక్కువ. అందులో శివగామి తండ్రిని రాజద్రోహి అని ముద్రవేసి మాహిష్మతి రాజే చంపిస్తాడు. ఆ రాజ్యాన్ని నాశనం చేస్తానని ఆమె ప్రతిజ్ఞ చేస్తుంది. సినిమాలో ‘ఇదే నా మాట, నా మాటే శాసనం’ అనే శివగామి మాహిష్మతికి మారుపేరు. ఆ మనిషి ఈ మనిషిగా ఎప్పుడు మారిందో చెప్పే భారం నవలా క్రమం మీద పడింది. రాజ్యం బలానికి మూలం రహస్యంగా తవ్వి తీసే ఒక రాతి ధూళి అనీ, దాని వెనక గనుల్లో నలిగే పిల్లలున్నారనీ నవల చెబుతుంది. బంగారు విగ్రహం లేపిన రాజ్యానికి ఆ బంగారం ఎక్కడిదో సినిమా అడగలేదు. నవల అడిగింది. బొగ్గుబాయి ఊళ్లో చదివేవారికి ఈ ఒక్క చోట నవల సినిమాకన్నా నిజంగా అనిపిస్తే తప్పులేదు.

సినిమా లోపలి లెక్క ఒకటి మాత్రం సరదాగా ఉంటుంది. శివగామి ఇద్దరు పసివాళ్లను ఒడిలో పెట్టుకుని తిరుగుబాటును అణిచేనాటికే కట్టప్ప కత్తి పట్టిన మనిషి. ఇరవై ఏళ్లు వేసుకుందాం. అమరేంద్రుడు పెరిగి, పెళ్లాడి, హత్యకు గురయ్యేసరికి ఇంకో ఇరవై. మహేంద్రుడు పెరగడానికి పాతికేళ్లు. ఎంత పిసినారిగా లెక్కేసినా చివరి యుద్ధంలో కట్టప్పకు 65 నిండాలి. సింగరేణి బొగ్గు కంపెనీలో అయితే ఎప్పుడో దిగిపోయేవాడు.

పేర్లు మోసుకొచ్చిన శతాబ్దాలు

మాహిష్మతి కథకు తేదీ లేదు. తేదీ లేని లోకంలో చరిత్ర తప్పు పట్టకూడదన్నది న్యాయమైన వాదనే. అయితే పేర్లు తమ వయసును దాచుకోలేవు. మాహిష్మతి నిజంగా ఉన్న నగరం. నర్మద ఒడ్డున అవంతి దేశంలో వెలిసింది, ఇవాళ్టి మహేశ్వర్ అదేనని చాలామంది పండితుల అభిప్రాయం. కాలకేయులు భారతం అరణ్యపర్వంలో అర్జునుడి చేతిలో హతులైన దానవులు. కుంతల ఇప్పటి ఉత్తర కర్ణాటక ప్రాంతానికి పాత పేరు. రెండో భాగంలో కుంతల మీద పడే పిండారీలు మాత్రం మొన్నటివాళ్లు. మరాఠా సేనల వెంట తిరుగుతూ ఊళ్లు దోచిన ఈ ముఠాలను ఈస్టిండియా కంపెనీ 1817–18 యుద్ధంతో అణిచేసింది. మొదటి భాగంలో ఆయుధాలమ్మే అస్లం ఖాన్ ఉన్నాడు. ఆ పేరు వినబడాలంటే ఏడో శతాబ్దం దాటాలి.

భారతం, అవంతి, పిండారీలు ఒకే పాతికేళ్లలో ఇమిడినా ప్రేక్షకుడికి ఎక్కడా ముల్లు గుచ్చుకోదు. దేవసేన చోటు మారితే గుచ్చుకుంటుంది. పిండారీల బదులు ఇంకో దొంగల పేరు పెట్టినా కథ నడుస్తుంది కనుక వాళ్లు అలంకారమే. దేవసేన దూలం లాంటిది. జరిపితే కప్పు కూలుతుంది. కల్పిత లోకంలో కాలదోషాన్ని తూచడానికి ఇంతకన్నా మంచి తూకంరాయి కనిపించదు.

కాలక్రమాన్ని అక్షరాలా ప్రాణంగా చూసుకున్న లోకానికి ఇదే జరిగినప్పుడు గొడవ ఇంకా పెద్దది. జె.ఆర్.ఆర్. టోల్కీన్ 1954–55లో వెలువడిన ‘ది లార్డ్ ఆఫ్ ద రింగ్స్’కు అనుబంధంగా వేల ఏళ్ల తేదీల పట్టికే ఇచ్చాడు. ఆ లోకంలో 2017లో వచ్చిన ఆట ‘మిడిల్ ఎర్త్: షాడో ఆఫ్ వార్’. ఉంగరాలు మింగేసి దయ్యాలుగా మార్చిన తొమ్మిదిమంది మనుషులు, నజ్గూల్‌లు, టోల్కీన్ పట్టికలో రెండో యుగం 2251లోనే బయటపడతారు. ఆటలో ఆ తొమ్మిదిమందిలో ఒకడు ఇసిల్దూర్, ఇంకొకడు హెల్మ్ హామర్‌హ్యాండ్. ఇసిల్దూర్ చనిపోయింది మూడో యుగం రెండో ఏడు. అంటే తొమ్మిదిమందీ కనిపించిన దాదాపు 1,200 ఏళ్లకు. హెల్మ్ చనిపోయింది 2759లో, అంటే సుమారు నాలుగు వేల ఏళ్లు ఆలస్యం. మినాస్ ఇథిల్ నగరం పట్టికలో మూడో యుగం 2002లో పడిపోతుంది. ఆటలో మాత్రం ఆడేవాడి కళ్లముందు పడాలి కనుక తొమ్మిది వందల ఏళ్లకు పైగా పడకుండా ఆగింది. కారణం మాహిష్మతిలోదే. పేరున్నవాళ్లంతా ఒకే చోట దొరకాలి, పేరున్న ఘట్టం ఆడేవాడి చేతిమీదుగా జరగాలి.

భోజరాజు కొలువు

ఈ పని తెలుగువాళ్లకు కొత్తగా ఫోను నేర్పలేదు. భోజరాజు కొలువులో కాళిదాసు, భవభూతి, దండి ఒకరినొకరు పద్యాలతో పొడుచుకున్న కథలు మన పిల్లలు వింటూ పెరిగారు. భోజుడు పదకొండో శతాబ్దపు రాజు. భవభూతి ఎనిమిదో శతాబ్దంవాడు. కాళిదాసు అంతకన్నా చాలా పాతవాడు. ఈ కథలను ‘భోజప్రబంధం’గా పదహారో శతాబ్దంలో కూర్చినవాడి పేరు బల్లాలుడు కావడం ఒక తమాషా.

ఇంకా దగ్గరి ఉదాహరణ భువనవిజయం. పట్టణాల్లో పండగలకూ పబ్బాలకూ వేసే ఆ రూపకంలో అష్టదిగ్గజాలు ఎనిమిది మందీ శ్రీకృష్ణదేవరాయల ఎదుట కూర్చుంటారు. రాయల పాలన 1509 నుంచి 1529 దాకా. రామరాజభూషణుడు తన వసుచరిత్రను అంకితమిచ్చింది తిరుమలరాయలకు. ఆ రాజు విజయనగరాన్ని ఏలింది 1565 నాటి రక్కసి తంగడి యుద్ధం తర్వాత. రాయల కొలువులో పెద్దనతో సమానంగా కూర్చోడానికి ఈ కవికి వయసు సరిపోదని పరిశోధకులు చాలాకాలంగా అంటున్నారు. వేదిక మీద ఎనిమిదో కుర్చీ ఖాళీగా వదిలిన నిర్వాహకుడు మాత్రం ఇంతవరకు లేడు. మేటివాళ్లందరినీ ఒక్క సభలో చూడాలన్న ఆశ ముందు తేదీ ఎప్పుడూ ఓడింది. ఆటల తయారీదారు చేసిందీ ఆ సభ కట్టడమే. తేడా ఒక్కటే: భువనవిజయంలో ఎవరు ముందు, ఎవరు తర్వాత అన్నదాని మీద పద్యం ఆధారపడి లేదు.

లెక్కలు వేసి మరీ కాలం కట్టిన తెలుగు సినిమా కూడా ఉంది. 2024 జూన్ 27న వచ్చిన ‘కల్కి 2898 ఏడీ’ భారత యుద్ధానంతర కాలం నుంచి ఆరు వేల ఏళ్లు లెక్కించింది. కలియుగారంభం క్రీ.పూ. 3102 అన్నది సంప్రదాయపు గణన. 3102కు 2898 కలిపితే సరిగ్గా 6000. కూడిక బాగుంది గానీ క్రీస్తు పూర్వం ఒకటో ఏటి తర్వాత వచ్చేది క్రీస్తు శకం ఒకటో ఏడే, మధ్యలో సున్నా ఏడు లేదు. కాబట్టి గడిచేది 5,999 ఏళ్లు. ఒక్క ఏడాదిని క్షమించవచ్చు. పురాణ గణన ప్రకారం కలియుగం 4,32,000 ఏళ్లు. కల్కి రావాల్సింది దాని చివర. ఆ లెక్కన సినిమా ఆయనను 4,26,000 ఏళ్లు ముందే పిలిపించింది.

ఖాన్సార్ నిలబడ్డ నేల

గోదావరిఖని ఈ వ్యవహారంలో ప్రేక్షకురాలు మాత్రమే కాదు. ప్రశాంత్ నీల్ తీసిన ‘సలార్’ చిత్రీకరణ 2021 ఆరంభంలో ఇక్కడి సింగరేణి గనుల్లోనే మొదలైంది. సినిమా 2023 డిసెంబర్ 22న విడుదలైంది. తెల్లారితే సింగరేణి డే. అందులో ఖాన్సార్ అనే నగరరాజ్యం మ్యాపులో ఉండదు. 1127లో మన్నార్, శౌర్యాంగ, ఘనియార్ అనే మూడు తెగలు దాన్ని నిలబెట్టాయనీ, దేశానికి స్వాతంత్ర్యం వచ్చాక కూడా అది ఎవరిలోనూ కలవలేదనీ కథ. తర్వాత 1985లో ఒక తెగ ఊచకోత, 2010లో కుర్చీ కోసం పోరు, 2017లో అస్సాంలో కథానాయకుడు, అతని తల్లి అజ్ఞాతవాసం. 1985 నుంచి 2010 దాకా మళ్లీ పాతికేళ్లే. దేవసేన చెరకూ ఖాన్సార్ పగకూ ఒకే గడువు. మన సినిమాల్లో పగ పండటానికి పట్టే కాలం ఇంతేనని తీర్మానించుకోవచ్చు.

కెమెరా పెట్టిన నేలకు తన తేదీలున్నాయి. 1889లో ఇల్లెందు దగ్గర హైదరాబాద్ దక్కన్ కంపెనీ బొగ్గు తవ్వకం మొదలుపెట్టింది. 1920 డిసెంబర్ 23న కంపెనీకి సింగరేణి పేరు వచ్చింది. 1945లో నిజాం ప్రభుత్వం అందులో మెజారిటీ వాటాలు కొంది. కలవనన్న రాజ్యం ఇక్కడ కల్పన కాదు. 1947 ఆగస్టు తర్వాత కూడా విడిగా ఉంటానన్న హైదరాబాద్ సంస్థానం 1948 సెప్టెంబర్‌లో సైన్యం వచ్చాకే లొంగింది. ఖాన్సార్ ఊచకోత జరిగినట్టు తెర మీద పడే 1985 నాటికి రామగుండంలో ఎన్టీపీసీ మొదటి యూనిట్ నడవడం మొదలై రెండేళ్లు. ఓపెన్‌కాస్ట్ తవ్వకం వచ్చి దాదాపు పదేళ్లు. కాబట్టి 1985 సన్నివేశం వెనక ఓసీపీ అంచు కనిపించినా కాలదోషం అనలేం. 1127 నాటి కోట వెనక కనిపిస్తే అనవచ్చు.

ఆ అంచు ఇప్పుడు అక్కడ వెతికినా దొరక్కపోవచ్చు. పని నడుస్తున్న ఓసీపీలో గోడ ఒకచోట నిలవదు. బ్లాస్టింగ్ అయిన కొద్దీ, షవళ్లు ఎత్తిన కొద్దీ వెనక్కి జరుగుతూ పోతుంది. బొగ్గు మీంచి తీసి డంపర్లు మోసిన ఓబీ మట్టి ఊరి పక్కన గుట్టలవుతుంది. గుంతలో పైన ఉన్న మట్టి ముందు లేస్తుంది కనుక గుట్టలో అడుగున పడుతుంది. బొగ్గుకు ఆనుకుని ఉన్న పాత ఇసుకరాయి చివర లేచి గుట్ట నెత్తిన కూర్చుంటుంది. గోదావరిఖని చుట్టూ ఉన్న గుట్టల మీద మొలిచిన తుమ్మలూ సుబాబుళ్లూ చాలాచోట్ల ఆ పాత రాయి మీదే వేళ్లు దింపాయి.